మాచిపత్రి సోడా

సౌదీలోని అభాలో, కొండమీది జ్యూస్ దుకాణంలో ఇద్దరం పనిచేసేవాళ్లం. నేనూ, నన్ను అక్కడ చేర్పించిన మా జగిత్యాల అన్నా. అక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డుల మీద ఇద్దరికీ ఆమిల్ అనే రాసుండేది, అంటే కూలి. ఆ మాటంటే నాకు ఒళ్లుమంట. చేత్తో పట్టుకుంటే చాలు, పండులో తీపెంతో చెప్పేవాణ్ణి, నేను కూలినెట్లా అవుతాను?

దుకాణాల్లో సౌదీవాళ్లకే పని ఇవ్వాలనే నితాఖత్ చట్టం వచ్చింది. ఆ వెనకే బయటిదేశం పనివాళ్లకు మనిషికింతని సర్కారుకు కట్టే లెవీ పెరుగుతూ పోయింది. ఒకరోజు మా కఫీల్, అంటే దుకాణం యజమాని, వచ్చి ఇద్దరికీ లెవీ కట్టడం తన వల్ల కాదన్నాడు. నెలాఖరుకల్లా ఒకరు ఎగ్జిట్ మీద ఇంటికి పోవాలి, ఎవరో మీరే తేల్చుకోండని చెప్పిపోయాడు. నా ఇల్లు సగం కట్టి ఆగింది, అన్న కొడుకు చదువు సగంలో ఉంది. ఆ మాటెత్తకుండానే వారం గడిపాం.

ఆ వారంలోనే జిజాన్ రిఫైనరీలో పనిచేసే స్పెయిన్ ఇంజినీరొకడు చల్లగాలికని కొండెక్కి వచ్చి మా దగ్గర కూర్చున్నాడు. వాళ్ల ఊళ్లో మధ్యాహ్నం భోజనానికి ముందు వెర్మూత్ తాగుతారట. వైన్‌లో చేదాకులు నానబెట్టి చేస్తారట. గ్లాసులో ఐసు, నారింజ చెక్క, పచ్చ ఆలివ్ కాయ, పైన కొంచెం సోడా. ఇక్కడ వైన్ ఎట్లాగూ కుదరదు, కనీసం ఆ చేదన్నా దొరికితే బాగుండునంటూ ఫోన్‌లో ఆకు బొమ్మ చూపించాడు.

ఆ ఆకు నాకు తెలుసు. అభావాళ్లు చలికాలం చాయ్‌లో వేసుకునే శైబా అది. మొదటిసారి సూక్‌లో, అంటే అక్కడి బజారులో, నలిపి వాసన చూసినప్పుడే వినాయక చవితి పత్రిలోని మాచిపత్రి గుర్తొచ్చింది. రెండూ ఒకే జాతి. మనకు పూజలో ఆకు, అరబ్బుకు చాయ్‌లో ఆకు, స్పెయిన్‌వాడికి మందులో ఆకు. ఈ మూడు సంగతులూ తెలిసినవాణ్ణి ఆ కొండ మీద నేనొక్కణ్ణేనని తెగ మురిసిపోయాను.

ఆ మురిపెంలోనే తప్పు చేశాను. ఆకంటే కషాయమే అనుకుని, మా అమ్మ జ్వరానికి కాచినట్టు నాలుగోవంతు మిగిలేదాకా మరిగించి ద్రాక్షరసంలో పోశాను. అన్న ఒక్క గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు.

"గిది తాగితే జ్వరం పోతది తమ్మీ. దాంతోని గిరాకీ గూడ పోతది."

"మరెట్ల జెయ్యాల్నే?"

"మరగవెట్టకు. సల్లటి రసంల నానవెట్టు, జెరసేపే."

అట్లాగే నల్లద్రాక్ష రసంలో శైబా, నారింజ తొక్క, దాల్చినచెక్క, రెండు లవంగాలు వేసి ఫ్రిజ్‌లో పెట్టాం. పొద్దున పెట్టింది మధ్యాహ్నానికి వడగట్టి ఆ రోజే అమ్మేయాలి. నిలవుంటే పులుస్తుంది, పులిస్తే హరామ్. సోడా పోసి, నారింజ చెక్కా ఆలివ్ కాయా పుల్లకు గుచ్చి ఇస్తే ఇంజినీరు గ్లాసు కింద పెట్టలేదు. మరుసటి వారం నలుగుర్ని వెంటేసుకొచ్చాడు. వాళ్లకోసం తెల్లద్రాక్షతో ఒకటి, దానిమ్మతో ఒకటి, నల్లటి ఎండునిమ్మకాయతో పుల్లగా ఇంకొకటి చేశాను. బోర్డు మీద మాత్రం శైబా సోడా అని రాశాం. వెర్మూత్ అని రాస్తే మున్సిపాలిటీవాళ్లు తాళం వేసిపోతారు.

నెలాఖరున కఫీల్ వచ్చి ఒక గ్లాసు తాగాడు. మొహం చిట్లించి, చక్కెర వేయమన్నాడు. వేయనన్నాను. చేదు పోతే అది ఉత్త షర్బత్తు అన్నాను. అన్న నా కాలు తొక్కాడు. కఫీల్ నన్ను ఎగాదిగా చూసి, గ్లాసు ఖాళీ చేసి, రెండోది అడిగాడు.

"ఎవరు చేశారిది?"

"వీడే. వీణ్ణే ఉంచుకో," అన్నాడు అన్న, నేను నోరు తెరిచేలోపే.

నాకు కోపమొచ్చింది. ఇంకొకడి పనితనం నా పేరున రాయించుకునేంత దరిద్రం నాకు పట్టలేదు. ఆకును గుర్తుపట్టింది నేను, దారి చెప్పింది ఈయన, ఉంచితే ఇద్దర్నీ ఉంచు, లేకుంటే ఇద్దరికీ ఎగ్జిట్ కొట్టు అన్నాను. అక్కడితో ఆగానా? చిన్న దుకాణంలో యజమాని తానే పూర్తిస్థాయి పనివాడిగా పేరు రాయించుకుని నిలబడితే మాలాంటి ఇద్దరికి లెవీ మాఫీ అని అప్పటికే నలుగుర్ని అడిగి తెలుసుకున్నాను. అదీ అనేశాను. కౌంటర్ వెనక నిలబడటం ఆయనకు నామోషీ అని తెలిసే అన్నాను. నా అరబ్బీ వంకరటింకరదే గానీ మాట సూటిగానే తగిలింది. ఆయన గిరుక్కున తిరిగి వెళ్లిపోయాడు. మూడు రోజులు మేం పెట్టెలు సర్దుకునే ఉన్నాం.

నాలుగో రోజు పొద్దున, తెల్లటి పొడుగు అంగీ, తోబు చేతులు పైకి మడుచుకుంటూ ఆయన కౌంటర్ వెనక్కి వచ్చాడు. జేబులోంచి కాగితం తీసి చూపించాడు. దుకాణం పనివాళ్లలో మొదటి పేరు ఆయనదే.

"నేనేం చెయ్యాలి?" అని అడిగాడు.

పదకొండేళ్లలో ఆయన ముందు ఒక్కసారీ తలెత్తని మా అన్న, నారింజపండూ కత్తీ ఆయన ముందు పెట్టి మెల్లగా చెప్పాడు.

"ముందు చేతులు కడుక్కో."