పైపు ఎండిన పొద్దు

నీళ్ల విలువ కరువుకు పేరుపడ్డ కోసిగి వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. పుల్లమ్మ పుట్టింది అక్కడే. పదమూడేళ్లు వరసగా సుగ్గికి పోయింది. అంటే, ఊళ్లో పనుల్లేని కాలంలో లారీ ఎక్కి గుంటూరు దాకా పోయి మిరపకాయలు కోసి రావడం. ఓర్వకల్లు దగ్గర వాసుదేవ్ శెట్టి దానిమ్మపండ్లకు కోల్డ్ స్టోరేజీ కట్టాక అందులో ఊడ్చే పని దొరికింది. మూడేళ్లుగా ఆ లారీ మొహం చూడలేదు.

గోదాము వెనక గోడలోంచి ఒక ప్లాస్టిక్ పైపు బయటికి వచ్చి ఉంటుంది. రోజుకు నాలుగుసార్లు లోపల మిషను చప్పుడు ఆగేది. కాసేపటికి ఆ పైపులోంచి నీళ్లు కారేవి. తర్వాత మిషను మళ్లీ మొదలయ్యేది. అందరికీ అవి మురికినీళ్లు. పుల్లమ్మ మాత్రం కింద బకెట్ పెట్టి, ఆ నీళ్లతో గోడవార కరివేప మొక్కను పెంచింది. ఈ నీళ్లు ఎక్కడివని ఒకసారి మెకానిక్కును అడిగింది కూడా. పండ్లు విడిచే ఊపిరిలో తడి ఉంటుందని, తలుపు తీసినప్పుడు దూరే గాలిలోనూ ఉంటుందని, అదంతా గ్యాసు పారే చల్లని గొట్టాలకు పట్టి మంచుగడ్డ అవుతుందని అతను చెప్పాడు. లోపలి హీటరు దాన్ని కరిగించి బయటికి పంపుతుందట. బడి మొహం చూడకపోయినా, నీళ్ల సంగతి కాబట్టి ఆమెకు ఇట్టే బుర్రకెక్కింది.

ఆ మాఘమాసం అక్క కూతురి పెళ్లికి పోయి నాలుగోరోజు తిరిగొచ్చేసరికి గోదాములో గోల గోలగా ఉంది. ఐదు డిగ్రీలు ఉండాల్సిన చోట పదకొండు. లోపల నిండా పండ్లు. కంప్రెసరు పోయినట్టుందని, కొత్తది రావడానికి వారం పడుతుందని ఇంజనీరు ఫోన్లోనే తేల్చేశాడట.

"పండ్లు పోతే గోదాముకు తాళమే పుల్లమ్మా. నీ దారి నువ్వు చూసుకో" అన్నాడు శెట్టి.

సరిగ్గా అప్పుడే సుగ్గికి కూలీలను తీసుకుపోయే మేస్త్రీ సోమన్న ఫోను. "ఎల్లుండి లారీ పోతాది. నీ పేరు రాసుకొనేదా?"

"రేపు చెప్తానప్పా" అంది. ఆమెకు ఏడుపొచ్చింది. మొహం కడుక్కుందామని గోడ వెనక్కి పోయింది. నిండి పొర్లుతూ ఉండాల్సిన బకెట్‌లో దుమ్ము. కరివేప తల వేలాడేసింది.

పరుగున శెట్టి దగ్గరికి వచ్చింది. "అప్పా, మిషను బాగానే ఉండాది. పైపే నీళ్లు ఇడసడం లేదు. మంచు కరగకుండా లోపలే ఉండిపోయినాది."

శెట్టి నీళ్లు నమిలాడు. "కరెంటు దండగని నువ్వు పెళ్లికి పోయిన దినమే ఆ హీటరు స్విచ్చి నేనే ఆపినా. చల్లని గదిలో కుంపటి ఎందుకని! అయినా ఈ ఓర్వకల్లు గాలిలో తడి యాడిదమ్మా?"

"రాండప్పా, చూపిస్తా."

గోదాము లోపలికి పోయి మిషను మూత తీస్తే గొట్టాలే కనిపించలేదు, అంతా తెల్లటి గడ్డ. ఫ్యాను ఎంత తిరిగినా గాలి పోయే సందు లేదు. గోటితో పోయేదాన్ని శెట్టి గొడ్డలి దాకా తెచ్చుకున్నాడు. కాపలా ఓబుళేశు గునపం ఎత్తాడు. పుల్లమ్మ చటుక్కున అతని చెయ్యి పట్టుకుంది.

"పొడిస్తే గొట్టం చిల్లి పడతాది, గ్యాసంతా పోతాది! మెయిను స్విచ్చి ఆపి, ట్యాంకు నీళ్ల పైపు పట్రా."

కర్నూలు ఎండను తిట్టని నోరు లేదు. ఆ మధ్యాహ్నం మాత్రం అదే ఆదుకుంది. మిద్దె మీది నల్ల ట్యాంకులో నీళ్లు చెయ్యి చురుక్కుమనేలా కాగి ఉన్నాయి. గంటన్నర సేపు పుల్లమ్మ ఆ నీళ్లు గడ్డ మీద పట్టింది. పెళ్లికి కట్టిన చీర తడిసి ముద్దయింది. గడ్డ పెళ్లలుగా జారింది. తడి ఆరాక శెట్టి చేతనే హీటరు స్విచ్చి వేయించింది. మూలమూలల మిగిలిన మంచు కూడా కరిగిపోయింది. మిషను మళ్లీ మొదలైంది.

పొద్దు వాలేసరికి ఐదు డిగ్రీలు! ఓబుళేశు ఈల వేశాడు. పుల్లమ్మ గుండె నిండిపోయింది.

శెట్టి స్విచ్చుల పెట్టె తాళంచెవి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "ఇంక మిషను పని నీదే. ఊడ్చేదానికి ఇంకొకరిని చూస్తా. ఈ చెవి నేనడిగినా ఇయ్యొద్దు."

తాళంచెవి కొంగున ముడేసుకుని పుల్లమ్మ గోడ వెనక్కి పోయింది. బకెట్ నిండి, నీళ్లు కరివేప మొదట్లోకి పారుతున్నాయి. అక్కడే నిలబడి ఫోను తీసింది.

"సోమన్నా, నా పేరు రాయొద్దు. ఈడ నీళ్లు వస్తాండాయి."