జయదేవ్ ఆమ్నీకి ఉప్పు తగిలిన చలికాలం

"ఆమ్నీ కొన్నాను" అని జయదేవ్ చెప్పగానే హామిల్టన్ తెలుగువాళ్లందరి కళ్లముందూ ఒకటే బొమ్మ కదిలింది, స్కూలు పిల్లల్ని కుక్కి తీసుకెళ్లే మారుతి వ్యాను. "కెనడా దాకా వచ్చి ఇదేం పోయేకాలమండీ!" అని భీమారావు గారు పొట్ట పట్టుకుని నవ్వారు. అది మారుతి కాదనీ, ఎనభైల్లో అమెరికాలో చేసిన డాడ్జ్ ఆమ్నీ అనీ, చూడ్డానికి సబ్బుపెట్టెలా ఉన్నా లోపల టర్బో ఉందనీ జయదేవ్ ఓపిగ్గా చెప్పాడు. ఇంజన్ వదిలే పొగే ఒక చిన్న చక్రాన్ని తిప్పితే, ఆ చక్రం ఇంజన్‌లోకి మరింత గాలి తోస్తుందనీ, అప్పుడు బండి ఎగిరి దూకుతుందనీ చెప్పబోయాడు. ఇంతలో సమోసాలు వచ్చాయి. ఇక వినేవాడెవడు?

జయదేవ్‌ది బ్యాంకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇది నేను చేశాను అని చేత్తో పట్టుకుని చూపించడానికి అందులో ఏమీ ఉండదు. ఆ వెలితితోనే కాబోలు, ఎటోబికోలో ఎవరి షెడ్డులోనో టార్పాలిన్ కింద ఏళ్ల తరబడి పడున్న ఆ కారును ట్రక్కు మీద ఎక్కించుకొచ్చి గరాజ్‌లో దింపాడు. అతని భార్య శ్యామల హాస్పిటల్ డ్యూటీ నుంచి వచ్చి, దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "దీనికంటే మా వార్డులో పేషెంట్లే నయం" అని లోపలికి వెళ్లిపోయింది.

కారు వల్ల అతనికి దక్కిన అసలు లాభం వేరే ఉంది. కూతురు భవిత హైస్కూల్లో అడుగుపెట్టినప్పటి నుంచి తండ్రితో మాటలు తగ్గించేసింది. అతను తెలుగులో పది మాటలడిగితే ఇంగ్లీషులో ఒక ముక్క విసిరేది, "ఫైన్" అనో "లేటర్" అనో. అలాంటి పిల్ల ఒక శనివారం గరాజ్ గుమ్మంలో నిలబడి, "వాట్ డజ్ దట్ డూ, నాన్నా?" అని టర్బోను చూపించింది. జయదేవ్‌కి ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు నుంచి శనివారాలు వాళ్లిద్దరివీ అయ్యాయి. పాత టర్బో విప్పి కాస్త పెద్దది బిగించారు. ఇంజన్‌కి వెళ్లే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌ను వేరే కారు నుంచి తెచ్చి, సరిపోక తిట్టుకుని, బ్రాకెట్లు కోసి అమర్చారు. టర్బో ఎంత గాలి తోస్తోందో చూపించే బూస్ట్ గేజ్‌ను భవితే కొని, తనే వైరింగ్ చేసి డ్యాష్‌బోర్డు మీద పెట్టింది.

"నీకు లైసెన్సు రాగానే మొదటి బూస్టు నీదే. అప్పటిదాకా ఆ గేజ్ ముల్లు లేవనివ్వను" అని జయదేవ్ మాటిచ్చాడు. లైసెన్సు టెస్టు మేలో. సెప్టెంబర్‌లో ఆ పిల్ల చదువుకి కెనడాలోనే ఉన్న లండన్ అనే ఊళ్లో యూనివర్సిటీకి వెళ్లిపోతుంది. మధ్యలో ఉన్న ఆ వేసవి మీదే అతను ఆశలన్నీ పెట్టుకున్నాడు.

డిసెంబర్ మొదట్లో కారు తయారైంది. మనవాళ్లు కొత్త సైకిలుకైనా పూజ చేయించనిదే తొక్కరు కదా! గుళ్లో పంతులు గారు పంచాంగం తిరగేసి, ధనుర్మాసం వచ్చేస్తోంది, ఆలోపు గురువారం దివ్యంగా ఉందన్నారు. అప్పటికే మంచు పడి, సిటీవాళ్లు మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లేశారు. పాత కార్లవాళ్లు ఉప్పు చూశాక బండి బయటికి తీయరు. వానలు పడి రోడ్లు కడిగేదాకా ఆగుతారు.

"వెయిట్ టిల్ స్ప్రింగ్, నాన్నా. సాల్ట్ విల్ ఈట్ ఇట్" అంది భవిత.

"ఒక్క ట్రిప్పేగా తల్లీ. పూజ లేకుండా నిన్ను అందులో ఎలా పంపిస్తాను?" అన్నాడు జయదేవ్.

టెంపరరీ పర్మిట్ మీద గుడికి తీసుకెళ్లాడు. మొదటి బూస్టు కూతురిదే కాబట్టి ముల్లు కదలకుండా ఎడ్లబండిలా నడిపాడు. దారంతా ఉప్పునీళ్లు చక్రాల కింద నుంచి చిమ్ముతూనే ఉన్నాయి. పక్క సీట్లో భవిత కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నిమ్మకాయలు తొక్కించారు, కొబ్బరికాయ కొట్టారు, బానెట్ మీద పసుపు, కుంకుమలతో స్వస్తిక్ వేశారు.

ఇంటికొచ్చాక భవిత కార్‌వాష్‌కి వెళ్దామంది. "పూజ చేసిన బొట్టు అప్పుడే కడిగేస్తామా? అపచారం" అన్నాడు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. మన ఎండల్లో పుట్టినవాడాయె, చలి అంటే రోగమనే అతని లెక్క. పాత ఇనుము చలికి పాడవుతుందని గరాజ్‌లో హీటర్ పెట్టి, కారు మీద రగ్గులు కప్పి, చలికాలమంతా పసిపిల్లను చూసుకున్నట్టు చూసుకున్నాడు. పాపం, ప్రేమే చేశాడు. ఎవరు కాదనగలరు?

మేలో భవిత టెస్టు పాసైంది. నంబర్ ప్లేట్ కావాలంటే సేఫ్టీ సర్టిఫికెట్ ఉండాలి. ఇద్దరూ కారును మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన దాన్ని హాయిస్ట్ మీద పైకెత్తి, కిందనుంచి స్క్రూడ్రైవర్‌తో ఊరికే అలా నొక్కాడు. వెనక చక్రాల ఇరుసు బిగించే చోట అది పిడిదాకా దిగిపోయింది. తుప్పు రేకులు రేకులుగా నేలమీద రాలింది.

వెల్డింగ్ చేయించుకుంటానన్నాడు జయదేవ్. దేనికి అతికిస్తావు, మంచి ఇనుము మిగల్లేదన్నాడు మెకానిక్. చలికాలం ఎక్కడుంచావని అడిగాడు. వెచ్చటి గరాజ్‌లో అని జయదేవ్ గర్వంగానే చెప్పాడు. మెకానిక్ స్క్రూడ్రైవర్ తుడిచి పక్కన పెట్టాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. ఇనుము ముందే పల్చబడి ఉంది, నిజమే. కానీ ఉప్పు కడిగి చలిలో వదిలేసినా ఇంకొన్నాళ్లు నిలిచేది. గడ్డకట్టే చలిలో తుప్పు నిద్రపోతుంది, తడి ఉప్పుకు వెచ్చదనం తోడైతే దానికి విందు భోజనమే.

భవిత తిడుతుందని జయదేవ్ ఎదురుచూశాడు. నేను చెప్పానా లేదా అని ఒక్క మాట అంటే, తల వంచుకుని పడేవాడు. ఆ పిల్ల మాత్రం మెకానిక్‌కి థాంక్స్ చెప్పి, తండ్రి చేతిలోంచి తాళాలు తీసుకుంది. కారు మళ్లీ ట్రక్కు మీదే ఇంటికొచ్చింది.

తర్వాత అతను చేయని ప్రయత్నం లేదు. వేరే బాడీ కోసం ఆ లండన్ నుంచి సరస్సు అవతలి ఒడ్డున ఉన్న అమెరికా దాకా వెతికాడు. దొరికిన రెండూ ఇంతకన్నా పుచ్చిపోయి ఉన్నాయి. ఆగస్టు కూడా గడిచిపోయింది.

భవిత చదువుకి వెళ్లే ముందురోజు సాయంత్రం గరాజ్‌లో ఇంజన్ చప్పుడైంది. జయదేవ్ పరుగున వెళ్లాడు. పైకి ఎత్తి తీసే గరాజ్ తలుపు స్ప్రింగు తెగి సగానికి దిగిపోయి ఉంది. లోపల భవిత డ్రైవర్ సీట్లో కూర్చుని, గేర్ వేయకుండా యాక్సిలరేటర్ తొక్కుతోంది. ఇంజన్ గోలపెడుతోంది గానీ గేజ్‌లో ముల్లు పైకి లేవడం లేదు. రోడ్డు మీద పరుగెడుతూ బరువు లాగితేనే టర్బో గాలి తోస్తుంది. నిలబెట్టిన బండిలో ఎంత తొక్కినా రాదు. ఆ సంగతి ఆ పిల్లకు నేర్పిందే అతను.

"భవీ, అది లేవదమ్మా" అన్నాడు.

"ఐ నో, నాన్నా" అని మళ్లీ తొక్కింది.

క్షమించమని అడగాలనుకున్నాడు. ఆ చప్పుడులో కుదరలేదు. లోపల పొగ కమ్ముకుంటోంది. జయదేవ్ వంగి, ఆ సగం దిగిన తలుపును రెండు చేతులతో పైకెత్తి, కూతురు చాలు అనేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.