దీవెన టేబుల్ చదివిన పద్ధతి

1984లో నేను యానాంలో ఒక కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవాణ్ణి. బి.ఏ. చివరి సంవత్సరంలో దీవెన అనే అమ్మాయి ఉండేది. ఊరు కనకాలపేట. చిన్నప్పుడు జ్వరమొచ్చి చూపు పోయింది. తండ్రి యోహాను గోదావరిలో వేటకు వెళ్లేవాడు. వేట లేని రోజు కూతుర్ని తనే సైకిలు మీద తీసుకొచ్చి దింపేవాడు.

ఒకసారి విన్న పాఠం ఆమె మరిచిపోయేది కాదు. చిక్కంతా స్టాటిస్టిక్స్ పేపరుతోనే. అందులో టేబుల్స్ ఉంటాయి. అడ్డ వరసను రో అంటాం, నిలువు వరసను కాలమ్ అంటాం. కళ్లున్నవాళ్లకు అదొక చూపు పని. కంప్యూటరు సంగతి పేపర్లో చదవడమే గానీ మేమెవరం చూడని రోజులవి. అందుకని సాయంత్రాలు స్టాఫ్ రూములో నేను చదివేవాణ్ణి, ఆమె వినేది.

మొదటి రోజు వరి, కొబ్బరి, చేపల దిగుబడి ఏడాదివారీగా ఉన్న టేబుల్ తీసి గడగడా చదివాను. సగంలోనే ఆపేసింది.

“అంకెలన్నీ చెప్పారండి సార్. ఏ అంకె ఎవరిదో తెలట్లేదండి. సంతలో అందరూ ఒక్కసారే అరిసినట్టుంది.”

“మరెలా చదవమంటావమ్మా?”

“ముందు ఎన్ని రోస్, ఎన్ని కాలమ్స్ ఉన్నాయో చెప్పండి. వాటి పేర్లు చెప్పండి. ఆనక నేనడుగుతానండి. ‘కుడికి’ అంటే పక్క గడి, ‘కిందికి’ అంటే కింద గడి.”

అలాగే మొదలుపెట్టాం. “కొబ్బరి, రెండో ఏడు” అని అంకె చెప్పేవాణ్ణి. “కిందికండి” అనేది. అప్పుడు “చేపలు” అంటే చాలు. కాలమ్ మారలేదు కాబట్టి ఏడు మళ్లీ చెప్పక్కర్లేదు. మారిన పేరే చెప్పాలన్నది ఆమె పెట్టిన నియమం. కొన్నాళ్లకు నా వేలు ఆమె మాటను అందుకోలేకపోయేది. ఒకరోజు తనే అంది: “వరి తగ్గిన ఏడే కొబ్బరీ తగ్గిందండి. చేపలు మాత్రం పెరిగాయి. ఆ ఏడు వరదొచ్చుంటదండి.” ఆ టేబుల్ నేను ఎన్నో ఏళ్లుగా చెబుతున్నా, వరద మాట నాకెప్పుడూ తట్టలేదు.

పరీక్ష దగ్గరపడింది. ప్రశ్న చదివి, ఆమె చెప్పింది రాసే మనిషిని స్క్రైబ్ అంటారు. అగ్రహారంలో చిన్నపిల్లలకు చదువు చెప్పే అమ్మాజీ టీచరు ఒప్పుకున్నారు. దీవెన ఆమెకు పద్ధతి నేర్పింది. సబ్జెక్టు చెప్పేవాణ్ణి కాబట్టి నన్ను హాల్లోకి రానివ్వరు. వరండాలో నిలబడ్డాను.

పరీక్ష మొదలైన కాసేపటికి లోపల గొంతులు పెరిగాయి. పరీక్షకు బాధ్యుడైన చీఫ్ సూపరింటెండెంట్ అమ్మాజీ టీచర్ని ఆపేశారు.

“ఉన్నది చదవండమ్మా. కుడికి, కిందికి అంటూ ఈ సైగలేంటి? ఇది సాయం చెయ్యడం కాదూ?”

ఆ ప్రశ్న పోతే పేపరు పోయినట్టే. పేపరు పోతే డిగ్రీ పోయినట్టే. ఇంతలో దీవెన గొంతు వినపడింది, తొణక్కుండా.

“ఆయ్, ఆవిడ కాయితం మీదున్నదే చదువుతున్నారండి. పైన రాసిన పేరూ, పక్కన రాసిన పేరూ కాయితం మీదే ఉన్నాయి కదండీ. ఎటెళ్లాలో నేనే చెబుతున్నానండి. మీ కళ్లు ఎటెళ్లాలో ఎవరైనా చెబుతారేంటండి?”

ఆయన కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నారు. “సరే, కానివ్వండి. నేనూ వింటాను” అన్నారు. చివరిదాకా కదల్లేదు.

దీవెన ఆ పేపరు మంచి మార్కులతో పాసైంది. తర్వాత బి.ఇడి. చదివి మెట్టకూరులో టీచరైంది. ఆ కబురు చెప్పడానికి యోహాను పులసలు పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

ఆమె వల్ల నా పాఠమే మారింది. చూపున్న పిల్లలకైనా టేబుల్ ఇచ్చినప్పుడు, అంకె పలికేముందు అది ఎవరిదో, ఎప్పటిదో చెప్పమంటాను. మొదట విసుక్కుంటారు. తర్వాత వాళ్లలో ఎవరో ఒకరు అంకెలు వదిలేసి, “ఆ ఏడు ఏం జరిగిందండీ?” అని అడుగుతారు. అప్పుడు నాకు కడుపు నిండుతుంది.