శుద్ధి చేసిన నీళ్ళు

ఒక జాలరిపల్లెనంతా వాంతులూ విరేచనాల నుంచి ఒంటిచేత్తో కాపాడానని ఇన్నేళ్ళూ చెప్పుకు తిరిగాను. రైల్లో పక్కసీటు వాళ్ళకి కూడా చెప్పాను. అందులో ఒంటిచేత్తో అన్న ముక్క ఒక్కటే నిజం. రెండో చేతిలో బీడీ ఉంది.

స్టీలు ప్లాంటు కడుతున్న రోజులవి. వన్ టౌన్ మురుగు పైపుల్లో వచ్చి సముద్రపు ఒడ్డున మా చెరువుల్లో పడేది. "మురుగునీటి శుద్ధి కేంద్రం" అన్న బోర్డులో మొదటి మాటని ఉప్పుగాలి తినేసింది. నాకది భలే కలిసొచ్చింది. ఊళ్ళో ఇంజనీరునని చెప్పుకునేవాణ్ణి. నిజానికి పైపు మూతికి అడ్డంగా పెట్టిన ఇనపచువ్వలకి చిక్కుకున్న గుడ్డలూ చెత్తా పంజాతో లాగేవాణ్ణి. మిగతా పని ఎండా గాలీ చూసుకునేవి.

ఆ పల్లెలోనే అద్దెకుండేవాణ్ణి. ఇంటావిడ చేపలమ్మేది, నన్ను అల్లుడా అని పిలిచి ఇంత కూర పెట్టేది. తింటూ తింటూ కోతలు కోసేవాణ్ణి.

"సెడ్డ నీల్లొత్తాయత్తా. ఫారిన్ మందేసి సుద్ది సేసి వదుల్తాను. దీని ముందు మీ నుయ్యేటి?"

ఎక్కడి చెడ్డ నీళ్ళో ఆవిడ అడగలేదు. అన్నం దగ్గర ఆ మాట ఎత్తడానికి నాకు నోరు రాలేదు.

ఆ ఏడు అమ్మవారి పండక్కి మొదటి ముర్రాట ఎత్తే వంతు ఆవిడది. పసుపునీళ్ళ కుండలో వేపాకు వేసి, నెత్తిన పెట్టుకుని, ఊరి ఆడవాళ్ళందరికీ ముందు నడవాలి. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆ వంతు కోసం ఎదురుచూసిందట.

పండగ పొద్దున్న తలస్నానం చేసి, కొత్తకుండ పట్టుకుని తిన్నగా నా చెరువు తూము దగ్గరికే వచ్చింది.

"నూతి నీల్లు ఉప్పన, అల్లుడా. అమ్మకి సుద్ది సేసిన నీల్లే పోత్తాను. ఇయ్యి సుద్దే గదా?"

"సుద్దే అత్తా," అన్నాను.

ఆవిడ వంగి కుండ నింపింది. పసుపు కలిపింది. నెత్తికెత్తుకుంది. అమ్మవారి మీద పోశాక ఆ నీళ్ళు పిల్లల నోట్లో పోస్తారని అప్పుడు గుర్తొచ్చింది నాకు.

"అత్తా, ఆగు. మందింకా పని సెయ్యనేదు."

"ఎంతసేపాగాల? కూకుంటాను."

కుండతోనే గట్టు మీద కూర్చోబోయింది. ఇక తప్పలేదు.

"అయ్యి దొడ్ల నీల్లత్తా. వన్ టౌన్ పాయకానాలన్నీ ఇక్కడికే వత్తాయి. ఏ మందూ నేదు. నాను గుడ్డలు లాగుతాను, అంతే."

తిడుతుందనుకున్నాను. కుండ దింపి తడిసిన చేతులకేసి చూసుకుంది.

"నెత్తికెత్తీసినాను గదరా," అంది.

అంతే. మైలపడ్డ మనిషి ఆ ఏడు ముర్రాట ఎత్తకూడదు. అడిగినప్పుడే నేను కాదని ఉంటే, నూతినీళ్ళతోనైనా ముందు నడిచేది.

మధ్యాహ్నం డప్పులు బయల్దేరాయి. ముందు ఇంకొకామె నడిచింది. మా ఇంటావిడ చివర్న, ఖాళీ చేతులతో.

"ఏటే, నీ ముర్రాటేది?" అని ఆడవాళ్ళు మూగారు.

"నడుం పట్టీసిందే. ఎత్తనేకపోనాను," అంది ఆవిడ నా వైపు చూడకుండా.

ఆవిడింట్లో ఉండేవాణ్ణి కదా, నిజమేనా అన్నట్టు అందరూ నాకేసి తిరిగారు.

"అవును, పొద్దున్నుంచీ మంచం దిగనేదు," అని నేనే ఇంకొంచెం కలిపాను.