దుర్గ దాచుకున్న దగ్గు

జబ్బుందంటే బెంబేలెత్తేవాళ్లను బోలెడుమందిని చూశాం. లేదంటే కుంగిపోయింది మాత్రం మన వెంకటదుర్గే. రాజోలు మనిషి, జహ్రాలో ఓ కువైటీ ఇంట్లో పని చేస్తుంది. ఓణీలు వేసే రోజుల నుంచీ ఉబ్బసం.

ఈ ఏడు దుమ్ముగాలులకి ఆయాసం ముదిరితే, ఇంటి యజమానురాలే (అక్కడి పనివాళ్ల నోట 'మామా', అంటే అమ్మగారు) ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి తీసుకొచ్చింది. ఆయన దుర్గ చేత గొట్టంలోకి ఊదించి, కాగితం చూసి, "అంతా బాగానే ఉంది. నీకు ఆస్తమా అని ఎవరు చెప్పారు? ఇన్‌హేలర్ మానెయ్. ఇది ఇంటిమీది బెంగ," అన్నాడు. అరబ్బీ రాకపోయినా బావుండును అనిపించింది దుర్గకి.

బయట డ్రైవరు అయ్యప్ప ఆత్రంగా ఎదురొచ్చాడు. అతనిదీ కోనసీమే.

"ఏవన్నాడక్కా?"

"నాకు ఉబ్బసం లేదంటన్నాడ్రా! ఇన్నేళ్లూ నాటకాలాడేనంట! ఆ మందు మానేస్తే బతుకుతానేంట్రా నేను?"

"పొద్దున్న పీల్చేవా?"

"పీల్చకేం? అంత పెద్ద డాక్టరు ముందు రొప్పుకుంటా కూచుంటే ఏం బాగుంటాది? ఇంకోసారి ఎక్కువే పీల్చేను."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! మందేసుకుని ఊదితే బాగోక ఏమవుద్ది?"

దుర్గకి తను చేసిందేమిటో అప్పుడు తెలిసింది. ఇప్పుడు చెబితే మాత్రం ఎవరు నమ్ముతారు? జబ్బు మనిషని తెలిస్తే విమానం ఎక్కించేస్తారన్న భయంతో, మామాకి కూడా ఏదో కాస్త ఆయాసం అనే చెప్పింది. సాక్ష్యం పలికే దిక్కే లేకుండా చేసుకుంది, పిచ్చి తల్లి.

ఇంతలో వచ్చిన మామా సంగతేమిటని అడిగితే అయ్యప్ప చెప్పేశాడు. ఆవిడ దుర్గ చెయ్యి పట్టుకుని మళ్లీ డాక్టరు గదిలోకి నడిచింది.

"ఈమె పొద్దున మందు పీల్చి వచ్చింది, డాక్టర్. రోజూ తెల్లారకముందే బాత్రూములో కుళాయి తిప్పుకుని దగ్గుతుంది. గోడకి ఇవతల నా మంచం. ఎన్నాళ్లనుంచో వింటున్నాను."

డాక్టరు కాగితం పక్కన పెట్టాడు. "నేను అడగాల్సింది," అన్నాడు. మందు ఎప్పుడు ఆపి రావాలో వివరించి, పరీక్ష మళ్లీ చేద్దామన్నాడు. అప్పటిదాకా ఇన్‌హేలర్ మానొద్దన్నాడు.

దుర్గ అదేం వినలేదు. "తెలిసీ ఎందుకు అడగలేదు, మామా?"

"నువ్వు దాచుకుంటున్నావు కదా, ఎలా అడగను? ఆ కుళాయి కట్టేసేదాకా నాకూ నిద్ర పట్టేది కాదు."

దుర్గకి ఏడుపొచ్చింది. ఏడుపుతో పాటు దగ్గూ తెరలు తెరలుగా వచ్చింది. డాక్టరు ముందే, మామా భుజం పట్టుకుని, తనివితీరా దగ్గింది.