ఒడెస్సా గురువారాలు

న్యూయార్క్‌లో నల్లవాళ్ల పేట హార్లెంలో గురువారం పనిమనుషుల రోజు. ఊరవతల పెద్ద ఇళ్లలో వంటా గిన్నెలూ చూసే ఆడవాళ్లకు యజమానులు సెలవిచ్చేది ఆ ఒక్క సాయంత్రమే. రైలు దిగి నేరుగా డాన్సు హాలుకు నడిచేవాళ్లు. ఒడెస్సా ట్రిబుల్ కూడా అంతే. న్యూ రోషెల్‌లో హావర్‌క్యాంప్ వాళ్ల ఇంట్లో వారమంతా చాకిరీ చేసేది. గురువారం సాయంత్రం మాత్రం ఆమె కాళ్లు ఆమెవి.

హాల్లో బ్యాండు పక్కనున్న మూల అందరికీ దక్కేది కాదు. అక్కడ ఆడాలంటే ముందు ఆడి మెప్పించాలి, ఆ తర్వాత ప్రతి వారం వచ్చి చోటు నిలబెట్టుకోవాలి. రానివాళ్ల కోసం ఎవరూ ఆగరు. స్టెప్పుల సంగతీ అదే. ఎవరు కట్టినా సరే, ఆ మూలలో ఒకసారి వేశాక వేయగలిగిన వాళ్లందరిదీ అవుతుంది. తన జోడీ సీఫస్ వింగేట్ వీపు మీదుగా దొర్లి అవతలి పక్క దిగే గెంతు ఒడెస్సా కట్టినదే.

1938 వసంతంలో ఒక షో కంపెనీ మనిషి గురువారాల్లో వచ్చి ఆ మూల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు. దేశదేశాలు తిరిగే జట్టుకు జంటల్ని ఏరుకుంటున్నాడు. అందులో చోటు దొరికితే ఇక ఒకరి వంటగది గడప తొక్కనక్కర్లేదు. సీఫస్‌నూ ఒడెస్సానూ అతను రెండుసార్లు పిలిచి మాట్లాడాడు.

ఒడెస్సా తన వేలితో తన కన్నే పొడుచుకున్నది ఆ రోజుల్లోనే. ఆ ఏడాది తెల్లవాళ్ల ఇళ్లన్నిటికీ బిగ్ ఆపిల్ అనే డాన్సు పిచ్చి పట్టింది. అందరూ గుండ్రంగా నిలబడితే ఒకరు స్టెప్పుల పేర్లు కేకవేస్తారు, మిగతావాళ్లు వేస్తారు. హావర్‌క్యాంప్ వాళ్ల అమ్మాయి ప్రిసిల్లా వంటగదిలో అది సాధన చేస్తూ తప్పుటడుగులు వేస్తుంటే, ప్లేట్లు తుడుస్తున్న ఒడెస్సా చూసి ఊరుకోలేకపోయింది. గుడ్డ భుజాన వేసుకుని చూపించింది. పిల్ల పరుగున వెళ్లి తల్లిని పిలుచుకొచ్చింది.

ఆ వారమే దొరసాని ఇంట్లో డాన్సు సాయంత్రాలు పెట్టింది. దొరగారు క్లబ్బుకు వెళ్లే రోజు గురువారం కాబట్టి గురువారమే.

"ఒడెస్సా, పిల్లలకి నువ్వే చెప్పాలి. వాళ్లకి పేర్లే రావు."

"గురువారం నా సెలవు కదమ్మగారూ."

"ఆదివారం పొద్దున తీసుకో. చర్చికెళ్లొచ్చు. దేవుడూ సంతోషిస్తాడు."

పని మానేద్దామనుకుంది. ఆ మాట స్నేహితురాలు వెర్లీన్ చెవిన వేసింది. వెర్లీన్ కిందటి చలికాలంలో పని పోగొట్టుకుని, పొద్దున్నే బ్రాంక్స్ వీధి మలుపులో నిలబడి, గంటల లెక్కన ఇంటిపనికి ఎవరైనా తీసుకెళతారేమోనని చూసే మనిషి.

"వస్తే రావే, నా పక్కన చోటుంది," అంది వెర్లీన్. "కానీ అక్కడ ముందు మోకాళ్లు చూస్తారు, నేల తోమి కాయలు కాశాయా లేదా అని. నీవి డాన్సు మోకాళ్లు, ఎవరు పిలుస్తారు?"

ఒడెస్సా మానలేదు. కొన్నాళ్లు ఆగమని వెర్లీన్ చేత సీఫస్‌కు కబురంపింది. గురువారం తెల్ల ఏప్రన్ కట్టుకుని, టోపీ పెట్టుకుని దొరసాని ఇంటి హాలు గుమ్మంలో నిలబడి పేర్లు కేకవేసింది. కుర్రకారు తిరిగారు, చెప్పులు జారాయి, నవ్వుకున్నారు. మధ్యలో నిమ్మరసం గ్లాసులు తిప్పింది. కొత్తదేదైనా చెప్పమని ప్రిసిల్లా బతిమాలినా తన గెంతు పేరెత్తలేదు.

జూన్‌లో ఒక ఆదివారం చర్చి బయట సీఫస్ టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ వాలకం చూడగానే ఆమెకు సగం అర్థమైంది.

"జట్టులోకి తీసుకున్నారు. మంగళవారం ఓడ," అన్నాడు.

"జోడీ ఎవత్తి?"

"ఐడెల్. ఆ పొడుగుపిల్ల."

"నా గెంతు వేసిందా?"

అతను టోపీ అంచు నలిపాడు. "వేసింది. కంపెనీ ఆయనకి నచ్చింది కూడా అదే. నేను ఆగాను ఒడెస్సా. ఆయన ఆగడుగా."

ఆమె గొడవ పెట్టుకోలేదు. మూలలో వేసిన స్టెప్పు నాదని అనే హక్కు అక్కడెవరికీ లేదు, ఆమెకూ లేదు. దిగేటప్పుడు ఐడెల్ మోకాళ్లు వంచుతోందా అని మాత్రం అడిగింది. వంచడం లేదన్నాడు. వంచమను, లేకపోతే విరుగుతాయి అని చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

శరదృతువు వచ్చేసరికి బిగ్ ఆపిల్ పిచ్చి వచ్చినట్టే పోయింది. ప్రిసిల్లా కాలేజీకి వెళ్లింది. డాన్సు కోసం చుట్టేసిన తివాచీ మళ్లీ పరిచారు. తన గురువారం తనకిమ్మని ఒడెస్సా అడిగింది. ప్రతి గురువారానికీ దొరసాని అప్పటికే పేకాట స్నేహితురాళ్లను పిలిచేసింది, శాండ్‌విచ్‌లు అందించడానికి మనిషి కావాలి. ఆదివారం బాగానే అలవాటైంది కదా అంది.

ఒడెస్సా ఆ ఇంట్లో ఇంకో పదకొండేళ్లు పనిచేసింది. గురువారం సాయంత్రాలు శాండ్‌విచ్‌లకు రొట్టె అంచులు కోసేది.