బయటి నుంచి వచ్చిన రాయి, మా సైన్స్ సారు

మా సైన్స్ సారు పోయారని వాళ్ల బిడ్డ ఫోన్ చేసినప్పుడు నేను దోమ అనే ఊళ్లో, మా బడిలో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. కొన్నాళ్లుగా ఎదురుచూస్తున్న కబురే. మిగిలిన పేపర్లు కట్టగట్టి పక్కన పెట్టేశాను. ఏడవడానికి కూడా ఓపిక లేని రోజు అది.

తాండూరులో ఆయన దగ్గర చదివినవాళ్లకు బండల పాఠం గుర్తుండే ఉంటుంది. రెండు నాపరాళ్లు ముందు పెట్టి, "వీటిల మనిషి చెయ్యి పడ్డది ఏది?" అని అడిగేవారు. మేమంతా సాపుగా ఉన్నదాన్నే చూపించేవాళ్లం. పాలిష్ మెషీన్ల చప్పుడులో పెరిగినవాళ్లం, సాపుగా ఉంటే మనిషి పనే అనుకుంటాం. తీరా చూస్తే అది భూమిలోంచి పొరగా, ఉన్నది ఉన్నట్టు లేచొచ్చిన రాయి. ఉలి దెబ్బలతో గరుకుగా ఉన్నదే మనిషి చేసింది. "సాపుగున్నదంటే ఎవరో చేసిన్రనుకోకున్రి. జర ఆగున్రి," అనేవారు. ఈ రోజు పిల్లల ముందు నాకు తెలియదని చెప్పగలుగుతున్నానంటే ఆయన చలవే.

సూర్యుడి కుటుంబం బయటి నుంచి ఒక వింత వస్తువు వచ్చిందని, అది ఎవరో పంపిన ఓడ కావచ్చని ఫోన్లలో గోల మొదలయ్యేసరికి సారు వికారాబాద్ ఆస్పత్రిలో మంచం మీద ఉన్నారు. నవ్వి కొట్టిపారేస్తారనుకున్నాను.

"నాకైతే అది ఎవరన్న చేసిందే కావాలని ఉన్నది బిడ్డా," అన్నారు మెల్లగా. "గింత ఆకాశంల మనమొక్కలమే అంటే మస్తు అలుపొస్తది."

"సాపుగున్నదని నమ్ముతున్నరా సార్?"

"నమ్ముతలేను. కావాలని ఉన్నదంటున్న. రెండు ఒకటి కాదు."

ఇక రోజూ బడి అయ్యాక నేను బస్సు పట్టుకుని పోవడం, ఆయన ఆ వస్తువు సంగతి అడగడం. డాక్టర్లు చేతులెత్తేశాక ఆయనకు మిగిలిన ఆశ అదొక్కటే. ఒకరోజు వాళ్ల బిడ్డ నన్ను గుమ్మంలోనే ఆపి, "అవునని చెప్పక్కా, ఏం పోతది," అంది. నిజమే, ఏం పోతుంది? నేనూ అలిసిపోయే ఉన్నాను. కానీ ఆయన ముఖం చూశాక అబద్ధానికి నోరు రాలేదు.

"తోకచుక్కనే అంటున్రు సార్. ఎవరో చేసిన్రనే ఆనవాలు దొర్కలేదంట."

ఎందుకు చెప్పానా అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆయన మాత్రం, "మల్ల వస్తదా?" అన్నారు.

"రాదు సార్. అటే పోతది."

ఆయన కిటికీ వైపు తిరిగి, రైలెక్కిన చుట్టానికి ఊపినట్టు చెయ్యి లేపి ఊపారు. బండి కనబడకుండా పోయేదాకా ప్లాట్‌ఫారం మీదే నిలబడేవాళ్లుంటారే, అట్లా. నర్సు వచ్చి ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా దించేదాకా ఊపుతూనే ఉన్నారు.